కింది ఇంటి జవాబు

ఆంగ్ మో కియో, సింగపూర్
జూన్ 1999

గోడవతలి శ్యామలకు,

సలాం. నంద్యాలలో మన రెండిళ్లకూ కలిపి ఉన్నది ఒకటే గోడ కదా, ఆ అలవాటుతోనే ఇలా మొదలుపెట్టాను. మధ్యలో సముద్రం వచ్చి కూర్చున్నా నువ్వు నాకు గోడవతలి మనిషివే.

మేము క్షేమం. లియాఖత్ రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్లకు వైద్యం చేస్తున్నారు. రెండువేల సంవత్సరం పుట్టగానే అవన్నీ తేదీ మరిచిపోయి పిచ్చెత్తి పోతాయట. లోకంలోని తేదీలన్నీ సర్దుతున్న మనిషికి ఇంట్లో ఇవాళ ఏ వారమో తెలియదు. పొద్దున రైలెక్కితే పాప పడుకున్నాకే రావడం. జారా బాగా చదువుతోంది. తెలుగులో అడిగినా ఇంగ్లీషులోనే జవాబు, ఉర్దూలో అడిగినా ఇంగ్లీషులోనే జవాబు.

మా ఫ్లాటుకు ఎదురుగా కొత్త బ్లాకు కడుతున్నారు. పునాదుల కోసం పెద్ద మిషనుతో కాంక్రీటు స్తంభాలను నేలలోకి దిగ్గొడతారు. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా దబ్బు దబ్బుమని ఒకటే మోత. గ్లాసులో నీళ్లు వణుకుతాయి. మొదట్లో చెవుల్లో దూది పెట్టుకున్నాను. ఇప్పుడు అదీ మానేశాను. చప్పుడు ఎక్కువైందని కాదే నా బాధ. ఇంత చప్పుడులో నన్ను పిలిచే చప్పుడు ఒక్కటీ లేదు.

ఇక అసలు కబురు. నువ్విచ్చిన రోలు గుర్తుందా? విమానాశ్రయంలో సంచీ ఎత్తినతను "ఏముందమ్మా ఇందులో, రాళ్లా?" అన్నాడు. అబద్ధమెందుకు, రాళ్లేనన్నాను. నిన్న దాన్ని బయటికి తీసి, వంటింటి నేల మీద పెట్టుకుని ఊరుబిండి పచ్చడి దంచాను. నాలుగు పోట్లు వేశానో లేదో, కింది ఇంటి నుంచి టక్ టక్ టక్ అని జవాబొచ్చింది!

మన చిన్నప్పుడు మీ అమ్మ రోకలిబండతో గోడ మీద తడితే "పనయింది, రా" అని కదా అర్థం. మా అమ్మ తిరిగి తట్టేది. తట్టకపోతే అలిగినట్టు. నేను కూడా బండతో నేల మీద మూడు దెబ్బలు వేశాను. మళ్లీ జవాబు! దేశం కాని దేశంలో, నా కాళ్ల కింద ఒక శ్యామల ఉందని ఎవరికి తెలుసు? ఆనందం పట్టలేక ఆ పూట ఊరుబిండిలో ఉప్పు వేయడం మరిచిపోయాను.

మీ ఆయన మధుసూదనన్నకు నా సలాములు.

నీ హాజరా

బేతంచెర్ల
జూలై 1999

సముద్రమవతలి హాజరాకు,

నీ ఉత్తరం చదివి నవ్వాను. ఆ తర్వాత ఇంకోసారి చదివాను.

మా సంగతులు నీకు తెలియనివి కావు. ఇంటి వెనకే బండల పాలిష్ మిషన్లు. కొత్తగా ఇంకొకటి తెచ్చారు మీ అన్న. అది తిరిగితే ఈ ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడదు. ఆయనకైతే మిషను ఆగినా వినపడటం లేదు. చెవిటివాడి ముందు శంఖమని మనం సామెతగా చెప్పుకునేవాళ్లం. మా ఇంట్లో అది సామెత కాదు.

కొత్త మిషను వచ్చినప్పటి నుంచి మా ఎనుము పాలు చేపడం లేదు. దూడను విడిచినా అంతే. మోత మొదలవగానే చెవులు నిక్కబొడుచుకుని గుంజ చుట్టూ తిరుగుతుంది. మొన్న పలుపు తెంచుకుని కంపలో పడింది. పశువుల డాక్టరు దశరథరామయ్యగారు వచ్చి చూసి, "దీనికి జబ్బేం లేదమ్మా. బయపడతాంది, అంతే. మీకు అలవాటయింది, దానికి కాలేదు" అన్నారు. మీ అన్నకు ఈ మాట చెప్పాలంటే వీధంతా వినేలా అరవాలి. అరిచాను. ఆయన నవ్వి, "మిషను మానుకుని ఎనుమును మేపుకుందామా?" అన్నారు.

నీ కింది ఇంటామె సంగతి చదివాను. నువ్వు దంచినప్పుడే తడుతుందా, నువ్వు ఊరికే ఉన్నప్పుడు కూడా తడుతుందా? మనిషిని చూశావా? ఇంకో మాట రాద్దామని కలం పెట్టి, తీసేశాను. ఏం లేదులే.

నువ్వు సంతోషంగా ఉన్నావు, అది చాలు.

శ్యామల

ఆంగ్ మో కియో
సెప్టెంబర్ 1999

శ్యామలా,

నీకు మొదటి నుంచీ పోలీసు ప్రశ్నలే. నేను దంచినప్పుడే తడుతుంది. మరి నేను పిలవకపోతే ఆమె ఎందుకు పలుకుతుంది? మనిషిని చూడలేదు. ఇక్కడ లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగదు. ఆమె లిఫ్టెక్కే అంతస్తు వేరు. అయినా ముఖం చూస్తేనే స్నేహమా? మన అమ్మలు గోడలోంచి చెప్పుకున్న కబుర్లు ఎదురుపడి చెప్పుకున్నారా?

ఆమెకు కింది అక్క అని పేరు పెట్టుకున్నాను. పొద్దున వీళ్లిద్దరూ వెళ్లిపోగానే రోలు ముందు కూర్చుంటాను. కాసేపు దంచుతాను, జవాబొస్తుంది. మధ్యాహ్నం మళ్లీ. రోజూ ఊరుబిండి ఎవరు తింటారు? దంచడానికి ఏమీ లేకపోతే గుప్పెడు రాళ్లుప్పు వేసి దంచుతున్నాను. నవ్వకు. ఈ మధ్య ఆమె జవాబు గట్టిగా, వెంటవెంటనే వస్తోంది. నేను ఆపినా ఆమె ఆపడం లేదు. ప్రేమ ముదిరిందనుకో.

మొన్న సెలవు రోజున జారా విన్నది. "మమ్మీ, దే ఆర్ యాంగ్రీ లా. స్టాపిట్ లా" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. కోపమే ఉంటే మనిషి పైకొచ్చి అడగదా, నోరు లేదా అని కసిరాను. "హియర్ నోబడీ కమ్స్ అప్, మమ్మీ" అని పుస్తకంలోకి తల దూర్చింది. దీనికి గోడ భాష ఏం తెలుసు? గోడలు పంచుకుని పెరిగిందా?

నీకు ఒక నిజం చెబుతాను. కింది అక్క పలికేదానికి ముందు ఒక వారమంతా, పగటి పూట నేను ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఒకరోజు పాలు పొంగుతుంటే "అరె అరె" అన్నాను. ఆ గొంతు నాదేనా అని ఉలిక్కిపడ్డాను. అంత ఒంటరిగా ఉన్నానని లియాఖత్‌కు చెప్పలేను. చెబితే ఆయన పనిలో తప్పులు పడతాయి. ఇప్పుడు ఫరవాలేదు. పొద్దున లేవడానికి నాకో కారణం ఉంది.

ఎనుము ఎలా ఉంది?

నీ హాజరా

బేతంచెర్ల
అక్టోబర్ 1999

హాజరా,

ఎనుమును అమ్మేశాం. కొన్నవాళ్లు అవుకు దగ్గరి పల్లెకు తోలుకుపోయారు. అక్కడ మూడో రోజుకే చేపిందట. ఈ కబురు విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. పాలు పోయాయని కాదు. ఇన్నాళ్లూ దాని పక్కన నిలబడి మీ అన్న మాటకు గంగిరెద్దులా తల ఊపానే అని.

ఆ బాధలోనే ఈ మాట రాస్తున్నాను. కోపగించుకో, ఫరవాలేదు.

మా మిషన్ల వెనక వీధిలో వీరభద్రరావు మాస్టారని రిటైరైన పెద్దాయన ఉన్నారు. మోత మొదలైతే చాలు, ఆయన కర్రతో మా రేకుల గేటు మీద కొట్టేవారు. టక్ టక్ టక్ అనే. కూలీలు నవ్వేవాళ్లు. "మేస్టరు తాళం ఏస్తాండాడు" అనేవారు మీ అన్న. నేను కూడా నవ్వాను. ఒకరోజు మాస్టారి భార్య వచ్చి, ఏడవకుండా, అరవకుండా చెప్పింది. ఆయనకు రక్తపోటు, తల తిరుగుతుంది, పైకి చెప్పుకోలేక కర్ర పట్టుకుంటున్నాడని.

హాజరా, తట్టడం పిలుపు మన ఇద్దరి ఇళ్లకే. తక్కిన లోకమంతటికీ అది "ఆపండి" అని. నీ కింది ఇంటివాళ్లు నిన్ను పిలవడం లేదు. బతిమాలుతున్నారు. గట్టిగా, వెంటవెంటనే బతిమాలుతున్నారు.

జూలైలోనే నాకు తెలుసు. రాయలేకపోయాను. నీకు అక్కడున్నది ఆ ఒక్క మనిషే. ఆ మనిషిని నీ దగ్గర్నుంచి నేనెట్లా లాక్కునేది? కానీ ఆ రోలు ఇచ్చింది నేను. ఆ ఇంట్లో పసిబిడ్డ ఉందో, జబ్బు మనిషి ఉందో, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లున్నారో మనకు తెలియదు.

ఆపెయ్. వీలైతే ఒకసారి కిందికి పో.

శ్యామల

ఆంగ్ మో కియో
అక్టోబర్ 1999

శ్యామలాదేవిగారికి,

మీ ఉత్తరం అందింది. సలహాకు సంతోషం. రోలు మంచం కిందికి నెట్టేశాను. ఇక మీకు దిగులు అక్కర్లేదు.

మేమంతా క్షేమం.

హాజరా

బేతంచెర్ల
డిసెంబర్ 1999

హాజరా,

శ్యామలాదేవిగారు అట! ఆ 'గారు' చూసి మీ అన్న కూడా భయపడ్డారు. రెండు నెలలుగా పోస్టుమాను మా గుమ్మం వైపు తల తిప్పకుండా పోతున్నాడు. తిట్టాలనుంటే తిడుతూ రాయి. ఊరుకోవడం మాత్రం నేర్చుకోకు. అది నాకు బాగా వచ్చు, దాని రుచి నీకెందుకు?

ఇక్కడ కరెంటు కోత పెరిగింది. కరెంటు పోతే మిషన్లు ఆగుతాయి. అప్పుడు ఆయనా నేనూ ఎదురెదురుగా కూర్చుంటాం. మామూలు గొంతుతో పలికితే ఆయనకు వినపడదు. అరిచి చెప్పేంత గొప్ప మాట నా దగ్గర ఉండదు. కరెంటు ఎప్పుడొస్తుందా అని ఇద్దరం బల్బు వైపు చూస్తాం. నీ ఉత్తరాలు వచ్చిన రోజుల్లో ఆ సమయం నాకు బాగా గడిచేది.

రంజాన్ నెల మొదలైంది కదా. మీ అమ్మ పండుగనాడు గోడ మీదుగా అందించే షీర్ ఖుర్మా గుర్తొస్తోంది. ఈసారి ఎవరికైనా పంచు. ఇంట్లోనే ఉంచుకుని తినకు.

నీ శ్యామల

ఆంగ్ మో కియో
జనవరి 2000

గోడవతలి శ్యామలకు,

కోపం పోయింది. పూర్తిగా పోలేదు, ఉత్తరం రాసేంత పోయింది.

ముందు ఒక మాట. నువ్వు రాయకముందే నాకు అనుమానం ఉంది. జారాను కసిరిన రోజునే ఉంది. పిలిచే తట్టు ఎలా ఉంటుందో నాకు తెలియదా? అందులో మధ్యన కాస్త ఆగి చూడటం ఉంటుంది, ఎదుటి మనిషి కోసం. ఇందులో అది లేదు. తెలిసే దంచాను, శ్యామలా. తిట్టే మనిషైనా మనిషే కదా. నేనున్నానని ఆ ఒక్క ప్రాణికైనా తెలుస్తోంది కదా అనుకున్నాను. నువ్వు ఆ మాట కాగితం మీద పెట్టేసరికి ఇక తెలియనట్టు ఉండటానికి వీల్లేకపోయింది. నా కోపం అందుకే.

పండుగనాడు షీర్ ఖుర్మా గిన్నె పట్టుకుని, జారాను వెంటబెట్టుకుని కిందికి వెళ్లాను. చెక్క తలుపు తీసే ఉంది, ఇనుప గ్రిల్లు వేసి ఉంది. బెల్లు కొట్టాను. లోపల ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని కనిపిస్తూనే ఉన్నాడు, కదలడే! మళ్లీ కొట్టాను. నా మీద ఎంత కోపమో అనుకున్నాను. చివరికి జారా చెయ్యి పైకెత్తి ఊపితే అప్పుడు లేచి వచ్చాడు. కింది అక్క లేదు. కింది అంకులే. టియో అంకుల్. భార్య పోయిందట, ఒక్కడే ఉంటాడు.

ఆయన రెండు చెవులూ చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. వినపడదట. పెద్ద గొంతుతో, "యంగ్ టైమ్ ఐ డూ పైలింగ్. దిస్ బ్లాక్, దట్ బ్లాక్, ఆల్ ఐ డూ. ఇయర్ ఫినిష్" అన్నాడు. మా ఇంటికి ఎదురుగా దబ్బుదబ్బుమంటోందే, అలాంటి మిషను మీద ఏళ్ల తరబడి పనిచేశాడట. నేను నివసిస్తున్న ఇంటి పునాది ఆయన చెవుల్ని తినేసింది.

నా బుద్ధి చూడు, మొదట నాకు కలిగింది సంతోషం. అమ్మయ్య, వినపడదు కాబట్టి నా దంపుడు ఈయన్ని బాధపెట్టి ఉండదు అనుకున్నాను. మరి తట్టిందెవరు? జారాను అడగమన్నాను. అది వేళ్లతో, సైగలతో అడిగింది. ఆయన నన్ను వంటింట్లోకి తీసుకెళ్లాడు.

కిటికీ దగ్గర వెదురు పంజరం. అందులో నా బొటనవేలంత పిట్ట. కంటి చుట్టూ తెల్లటి వలయం. మాతా పుతే అంటారట. మలయ్ మాటలో తెల్ల కన్ను అని. ఇక్కడి పెద్దవాళ్లు దీన్ని పాట కోసం పెంచుతారు. దాని రొమ్ము మీద ఈకలు లేవు. భయంతో తనే పీక్కుందట. ఆయన చెయ్యి పిట్టలా చేసి పంజరం కమ్ములకేసి టపటపా కొట్టి చూపించాడు. కిటికీ బయటి మిషను వైపు ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపి, పైకప్పు చూపించాడు. మూలనున్న బట్టలారేసే వెదురుకర్ర ఎత్తి పైకి పొడిచి చూపించాడు. పిట్ట అల్లాడినప్పుడల్లా పైన చప్పుడవుతోందని ఆయనకు తెలిసేదట. ఆయన తట్టింది తన కోసం కాదు, దాని కోసం.

"బిఫోర్ సింగ్. నౌ నో సింగ్" అన్నాడు.

"అంకుల్, యూ కాన్ట్ హియర్, హౌ యూ నో ఇట్ సింగ్స్?" అని జారా అడిగింది. పిల్లలకు మొహమాటం ఉండదు. పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు. తన గొంతు మీద వేలు పెట్టుకుని, "ఐ సీ హియర్" అన్నాడు. పాడేటప్పుడు దాని గొంతు ఉబ్బుతుందట. ఆయన వినేది అంతే. ఆ ఉబ్బడం చూడటానికే రోజంతా దాని ముందు కూర్చుంటాడు. అదీ ఆగిపోయింది.

నేను ఒంటరిదాన్నని ఒకడి తోడు నోరు మూయించాను. దంచినట్టు చేతులు ఆడించి, నన్ను చూపించుకుని, అది నేనేనని చెప్పాను. ఆయన నా వైపు చూశాడు, గిన్నె వైపు చూశాడు. గిన్నె అందుకున్నాడు. "నో మోర్, కెన్?" అన్నాడు.

"కెన్, అంకుల్" అంది జారా, నా బదులు.

మెట్లెక్కుతూ అది నా చెయ్యి పట్టుకుంది. "మమ్మీ, ఏడవొద్దు" అని తెలుగులో అంది.

నీ హాజరా

ఆంగ్ మో కియో
మార్చి 2000

శ్యామలా,

కంప్యూటర్ల గండం గడిచింది, మా ఆయన గండం గడవలేదు. ఇప్పుడు బ్యాంకునంతా ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తున్నారట. ఎదుటి బ్లాకు పునాదులు అయిపోయాయి, మిషను తోలుకుపోయారు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పొద్దున వాళ్లిద్దరూ వెళ్లాక చెంచా కింద పెట్టాలన్నా భయమేస్తుంది. చెప్పులు విడిచి మునివేళ్ల మీద నడుస్తున్నాను. కింద పిట్ట ఉంది కదా. దొంగ కూడా సొంతింట్లో ఇలా నడవడు.

చాలా కష్టంగా ఉందే. అబద్ధం చెప్పను. రోలు ముందుకు లాగిన రోజులున్నాయి. మళ్లీ నెట్టేశాను.

నిన్న పొద్దున వంటింటి కిటికీ దగ్గర బట్టలు పిండుతుంటే సన్నగా ఏదో వినిపించింది. ముందు ఎవరి రేడియోనో అనుకున్నాను. కాదు. కింది నుంచి. తడి చేతులతోనే, చెప్పులు లేకుండానే మెట్లు దిగాను.

గ్రిల్లు వేసి ఉంది. పంజరాన్ని ఇప్పుడు ముందు గదిలోకి మార్చాడు. పిట్ట పాడుతోంది, శ్యామలా! ఈకలు రానే లేదు, బోడి రొమ్ముతోనే పాడుతోంది. టియో అంకుల్ దానికి వీపు పెట్టి కూర్చుని, తల వంచుకుని గోళ్లు కత్తిరించుకుంటున్నాడు. ఇన్ని నెలలు ఎదురుచూసిన మనిషికి ఆ సంగతి తెలియదు. బెల్లు కొడితే వినపడదు. పిలిస్తే ఆయనకు వినపడదు, పిట్టకు వినపడుతుంది. చెయ్యి ఊపుదామంటే ఇటు చూడడు. గ్రిల్లు పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అది ఆగినప్పుడల్లా అయిపోయిందేమోనని నా ప్రాణం పోయేది. మళ్లీ అందుకునేది. యా అల్లా, ఈ మనిషి ఒక్కసారి తల తిప్పేలా చెయ్యి అని మొక్కాను.

తిప్పాడు. కానీ ముందు నన్ను చూశాడు. గబుక్కున లేచాడు, కుర్చీ కీచుమంది, పిట్ట టక్కున ఆగిపోయింది. నేను పంజరం వైపు చూపించి, నా గొంతు మీద వేలు పెట్టుకుని చూపించాను. ఆయన పిట్టను చూశాడు. అది బొమ్మలా కూర్చుంది. నన్ను చూసి మెల్లగా తల అడ్డంగా ఊపాడు. ఓదార్చడానికి చెబుతున్నాననుకున్నాడు.

వెళ్లిపోవాల్సిందే. నేను గ్రిల్లు వదల్లేదు. ఆయన గ్రిల్లు తీశాడు. ఇంకో కుర్చీని రెండు చేతులతో ఎత్తి తెచ్చి, నేలకు తగిలిన చప్పుడు కూడా లేకుండా పెట్టాడు. ఇద్దరం పంజరం ముందు కూర్చున్నాం. కింద దుకాణాల దగ్గర ఎవరో షట్టరు ఎత్తారు, పిట్ట ముడుచుకుంది. చాలాసేపు పోయింది. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చానేమోనని ఒకసారి అనుమానం వచ్చింది, అయినా లేవలేదు.

అప్పుడు దాని గొంతు కొంచెం ఉబ్బింది.

ఆయన చూశాడు. చూసి, పిట్ట వైపు కాదు, నా ముఖం వైపు తిరిగాడు. గొంతు కదలడం మాత్రమే ఆయనకు కనిపిస్తుంది. పాట వస్తోందో, ఊరికే నోరు తెరుస్తోందో ఆయనకు తెలియదు. ఇన్నేళ్లూ అడగడానికి పక్కన ఎవరూ లేరు. కళ్లతో అడుగుతున్నాడు.

వస్తోందని తల ఊపాను. ఆయన మళ్లీ పిట్టను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. మళ్లీ ఊపాను. అది పాడటం ఆపేదాకా ఊపుతూనే ఉన్నాను.

నీ హాజరా